నర్సయ్య సార్ చూడని పక్క

హోలీకి ఇంకా రెండు రోజులుంది. మా క్వార్టర్ల పిల్లలకు అంతవరకు ఆగే ఓపిక లేదు. ఒంటిపూట బడి నుంచి రాగానే ప్లాస్టిక్ పిస్తోళ్లలో నీళ్లు నింపుకుని ప్రహరీ గోడ మీద కొట్టడం మొదలుపెట్టారు. ఎండకు కాగిన సిమెంటు గోడ మీద నీళ్లు పడగానే ఒక వాసన లేస్తుంది. తొలకరి వాసనలా మెత్తగా ఉండదు. సున్నం, దుమ్ము, వేడి కలిసి ముక్కుకు కాస్త ఘాటుగా తగులుతుంది. వంటింట్లో బియ్యం కడుగుతున్నదాన్ని చేతులు గిన్నెలోనే ఉంచి కిటికీ దగ్గర నిలబడిపోయాను. గోడ మీది తడి మరక అంచుల నుంచి ఆరుతూ చూస్తుండగానే చిన్నదైపోతోంది. నర్సయ్య సార్ గుర్తొచ్చారు. ఆయన పోయాక ఇది రెండో హోలీ.

నర్సయ్య సార్ మీకెవరికీ తెలిసే వీలు లేదు. ఆయన పేరు ఏ పేపర్లోనూ పడలేదు. సాయుధ విభాగంలో హెడ్ కానిస్టేబుల్‌గా ఉండి, అంతకు పైకి పోకుండా సర్వీసంతా గడిపిన మనిషి. పొట్టిగా, చామనఛాయగా ఉండేవారు. చొక్కాకు గంజి, బూట్లకు మెరుపు ఏనాడూ తగ్గలేదు. మేము కోత్ అని పిలిచే ఆయుధాల గదికి తాళాలు ఆయన దగ్గరే ఉండేవి. కొత్తవాళ్లకు పిస్తోలు కాల్చడం నేర్పేదీ ఆయనే. మిగతా బోధకులంతా గురి చూడమని నేర్పితే, ఆయన గురి చూడకుండా కొట్టడం నేర్పేవారు. నాకు వచ్చిన విద్య అంతా ఆయన పెట్టిన భిక్షే. ఆ విద్య ఇచ్చిన మనిషికి నేనేం చేశానో చెప్పకుండా ఆయన గొప్పతనం ఒక్కటే చెప్పడం న్యాయం కాదు. అందుకే రెండూ రాస్తున్నాను.

మాది చిన్నకోడూరు దగ్గర పల్లె. మక్కలు, పత్తి వేసే ఇల్లు. ఊరి నుంచి పోలీసు ఉద్యోగానికి ఎంపికైన మొదటి ఆడపిల్లను నేనే. పరుగులో, దూకడంలో మగవాళ్లతో సమానంగా మార్కులు తెచ్చుకున్నాను కానీ మొదటి ఫైరింగ్ రోజున పరువు పోయింది. ఎడమ కన్ను మూసి, ఊపిరి బిగబట్టి, గొట్టం కొసన ఉండే చిన్న ముల్లును వెనుక గాడిలో నిలబెట్టాలని చూస్తాను. ముల్లు నిలిచేసరికి దూరంగా బొమ్మ మసకబారుతుంది. బొమ్మను చూస్తే ముల్లు తప్పుకుంటుంది. ఈ రెండింటి మధ్య ఊగుతూనే ట్రిగ్గర్ నొక్కేస్తాను. ఇచ్చిన పది తూటాల్లో ఒక్కటి కూడా కాగితానికి తగల్లేదు. వెనుక ఉన్న మట్టి కట్టకు తగిలి దుమ్ము లేచింది. "గుట్టకు మంచిగ గురి పెట్టింది" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నర్సయ్య సార్ నవ్వలేదు. "రేపు పొద్దుగాల కోత్ ఎనకకు రా" అని మాత్రం అన్నారు.

మర్నాడు వెళ్తే ఆయన చేతిలో పచ్చరంగు ప్లాస్టిక్ పిస్తోలు ఉంది. పక్కన బకెట్ నిండా నీళ్లు. నాకు ఒళ్లు మండింది. అందరి ముందూ నవ్వులపాలైన మర్నాడే ఈయన కూడా ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను.

"ఇది చిన్న పిల్లలది కద సార్" అన్నాను.

"చిన్న పిల్లలు గురి తప్పరు. తప్పింది నువ్వు" అన్నారాయన. బొగ్గుముక్కతో గోడ మీద గోలీ అంత చుక్క పెట్టి వచ్చారు. "ఆ చుక్క యాడున్నదో నాకు చూపెట్టు."

వేలు చాపి చూపించాను.

"ఒక కన్ను మూసినవా?"

"లే సార్."

"ఊపిరి బిగబట్టినవా?"

"లే."

"వేలు దిక్కు చూసినవా, చుక్క దిక్కు చూసినవా?"

"చుక్క దిక్కే."

"మరి యాడికి పోవాల్నో వేలుకెట్ల తెలిసింది?"

ఆయన నా వెనక్కి వచ్చి, నా వేలు వెంట చూపు పోనిచ్చి చూశారు. "గింజంత తప్పు లేదు. చూపుడు వేలని ఉట్టిగ పెట్టలే పేరు. పుట్టినప్పటి సంది చూపెడుతనే ఉన్నది. పిస్తోలు పట్టంగనే నువ్వు దాన్ని నమ్ముడు బంద్ జేసి ముల్లును నమ్ముతున్నవ్."

ఆ రోజు నుంచి నా చదువు ఆ గోడ ముందే సాగింది. రెండు కళ్లూ తెరిచి, ఒళ్లంతా చుక్కకు ఎదురుగా పెట్టి నిలబడాలి. తొడ దగ్గర ఉన్న చెయ్యి మోచెయ్యి వంగకుండా ఒకే ఊపులో రొమ్ము ఎత్తుకు లేవాలి. చూపు చుక్క మీద నుంచి కదలకూడదు. చెయ్యి ఎక్కడుందో, పిస్తోలు ఎక్కడుందో చూసుకోకూడదు. చెయ్యి లేచి ఆగిన చోటే నొక్కాలి. మొదట్లో నీళ్లు చుక్కకు మూరెడు కింద పడేవి. తర్వాత జానెడు. "నీళ్లు అబద్ధం చెప్పయి" అనేవారు సార్. ఎండాకాలం గోడ కాబట్టి తడి నిమిషంలో ఆరిపోయేది. ఆరేదాకా ఆపి మళ్లీ కొట్టమనేవారు. ఆ ఆగడం కూడా చదువులో భాగమే అని చాలా కాలం తర్వాత తెలిసింది. తొందరలో ఉన్న చెయ్యి ఎప్పుడూ పక్కకే పోతుంది.

ఏడాదికి మాకు కాల్చడానికి దొరికేవి కొద్ది తూటాలే. ఆ కొద్దిపాటితో ఎవరికీ విద్య రాదు. అందుకే ఆయన నీళ్ల పిస్తోలు పట్టుకున్నారు. అయితే ఇది అన్నింటికీ పనికొచ్చే విద్య అని ఏనాడూ చెప్పలేదు. "దూరానికి ముల్లు చూడాల్సిందే. పదడుగుల్ల మనిషి మీదికొస్తే ముల్లు చూసే టైముండదు, గప్పుడు గిది" అనేవారు. ఇంటికి వెళ్లినప్పుడు ఈ సంగతి మా బాపుకు చెప్తే ఆయనకు నమ్మకం కుదరలేదు. "గురి చూడకుంట కొట్టుడేంది బిడ్డా, గడ్డపార గూడ చూసే వేస్తం గద" అన్నాడు. నేను చెట్టు కింద ఉన్న చెంబు వైపు వేలు చూపి, ఆయన్నీ చూపమన్నాను. బాపు చూపించాడు. తన వేలును తానే కాసేపు చూసుకున్నాడు.

ఒక ఆదివారం సార్ నన్ను ఇంటికి భోజనానికి పిలిచారు. సిద్దిపేటలో నేతవాళ్లు ఎక్కువగా ఉండే వాడలో చిన్న పెంకుటిల్లు. ఆయన భార్య లలితమ్మ మాట తక్కువ మనిషి. ముందు గదిలో గుంటమగ్గం ఉంది. నేసేవాళ్లు లేక దాని మీద బట్టలు ఆరేసుకుంటున్నారు. సార్ వాళ్ల బాపు బతికున్నంత కాలం దాని మీద చీరలు నేశాడట.

"బాపు పనిజేస్తుంటే నేను ఎదురుంగ కూసొని చూసేది" అన్నారు సార్, మగ్గం అంచు మీద చెయ్యి వేసి. "పోగు పట్టుకొని నాడె ఈ చేతి నుంచి ఆ చేతికి పోతుంటది. ఎన్నడు నాడె దిక్కు చూడలే. అచ్చినోళ్లతోని ముచ్చట పెడుతుండె, చూపు మాత్రం బట్ట మీదనే. నాడెను చూస్తె పోగు తెగుతదిర అనేటోడు. పోలీసులల్ల చేరినంక పిస్తోలు చేతికిచ్చి ముల్లు చూడమన్నరు. నాకు బాపు మాట యాదికచ్చింది."

అప్పుడు లలితమ్మ టీ తెచ్చింది. గ్లాసును ఆయన పక్కన పెట్టలేదు. ఎదురుగా వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని గ్లాసు చేతిలోనే పెట్టింది. అన్నం తినేటప్పుడు కూడా కూరగిన్నె, నీళ్లచెంబు అన్నీ కంచానికి సరిగ్గా ముందే పెట్టింది. ఇన్నేళ్ల తర్వాత కూడా మొగుణ్ని ఎంత ముద్దుగా చూసుకుంటోందో అనుకున్నాను. నాకప్పటికి పెళ్లి కాలేదు.

నాలుగు నెలల తర్వాత అసలు పిస్తోలు చేతికిచ్చారు. ముల్లు మీద, గాడి మీద నల్ల టేపు అంటించి ఇచ్చారు, చూడాలన్నా కనబడకుండా. పది అడుగుల దూరంలో ఉత్త తెల్ల కాగితం పెట్టి, దాని మధ్య బొగ్గు చుక్క పెట్టారు. అయిదు తూటాలు కాల్చాను. దగ్గరికెళ్లి చూస్తే అయిదు రంధ్రాలూ నా అరచేతి కింద దాగిపోయాయి. ఆపుకోలేక నవ్వేశాను.

"నవ్వకు" అన్నారు సార్. ఆ గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. "తూటా కాయితం కాడ ఆగదు. ఎనక ఏమున్నదో, పక్కకు ఏమున్నదో చూసినంకనే చెయ్యి లేవాలె. లేసినంక చెయ్యి నీ మాట ఇనదు." తర్వాత ఆ కాగితాన్ని మెల్లగా ఊడదీసి, మడత పెట్టి, జేబులో పెట్టుకున్నారు.

తర్వాతి ఏడాది హైదరాబాద్‌లో జరిగిన పోలీసు పోటీల్లో దగ్గరి దూరం నుంచి వేగంగా కాల్చే పందెంలో నాకు మూడో స్థానం వచ్చింది. గెలిచినవాళ్లు పెద్ద పెద్ద చోట్ల శిక్షణ తీసుకున్నవాళ్లు. నా గురువు ఎవరని ఎవరో అడిగారు. చెప్పాను. ఆయనెవరో వాళ్లకు తెలియదు. తిరిగి వచ్చాక సార్ నన్ను తన దగ్గరే ఫైరింగ్ రేంజ్ పనికి అడిగి వేయించుకున్నారు. ఊరికి దూరంగా గుట్టల కింద ఉండేది మా రేంజ్. పొద్దున్నే వెళ్లి ఎర్రజెండా ఎగరేయడం, కట్ట మీద బొమ్మలు నిలబెట్టడం, ఎవరెన్ని కొట్టారో రాసుకోవడం నా పని. మూడేళ్లు అలా గడిచాయి. నా జీవితంలో అంత నిశ్చింతగా గడిచిన కాలం మళ్లీ లేదు.

ఆ మూడేళ్లలో చాలా చూశాను. చూసి కూడా పట్టించుకోలేదు. సార్ బండి నడపడం మానేసి బస్సులో రావడం మొదలుపెట్టారు. అడిగితే "పెట్రోలు పిరమైంది" అన్నారు. తలుపు దాటేటప్పుడు భుజం తగిలేది. నడుస్తుంటే పక్కనున్నవాళ్ల కాలు తొక్కేవారు. టేబుల్ మీద పక్కకు పెట్టిన గ్లాసు ఎన్నిసార్లు పడేశారో. "ఆలోచనల్ల పడ్డ" అనేవారు. నడిచేటప్పుడు పిచ్చుకలా తల అటూ ఇటూ తిప్పుతూ ఉండేవారు. అది జాగ్రత్త అనుకున్నాం మేము. కాల్చడంలో మాత్రం గింజంత తేడా లేదు. చెయ్యి లేచిందంటే చుక్క చిరిగిపోవాల్సిందే. ఏటేటా జరిగే కంటి పరీక్షలో గోడ మీది అక్షరాలన్నీ చివరి వరుస దాకా చదివేసేవారు. ఇంకెవరికి అనుమానం వస్తుంది?

ఒక రోజు కొత్తగా చేరిన ఎనిమిది మంది వరుసలో నిలబడ్డారు. ఎర్రజెండా ఎగురుతోంది. నేను వాళ్ల వెనుక రాతబల్ల దగ్గర ఉన్నాను. సార్ అలవాటు ప్రకారం ఎడమకు చూశారు, కుడికి చూశారు, చెయ్యి పైకెత్తారు. ఎడమవైపు గుట్ట వాలులోంచి ఒక ఆడమనిషి దిగి వచ్చింది. పాత ఎర్రచీర, చేతిలో దూడను కట్టే తలుగు. తప్పిపోయిన దూడ కోసం వెతుక్కుంటూ జెండాను చూసుకోలేదు. సరాసరి బొమ్మలున్న కట్ట వైపు నడుస్తోంది. సార్ చెయ్యి ఇంకా దిగలేదు, ఆయన చూస్తారులే అనుకున్నాను. అలా అనుకున్న ఆ ఒక్క క్షణం ఇప్పటికీ నాకు తలకొట్టేసినట్టు ఉంటుంది. చెయ్యి దిగింది. "ఫైర్" అన్నారు.

"ఆపుండ్రి" అని అరిచాను. ఏడుగురు ఆగారు. ఒకడి పిస్తోలు పేలింది. ఆమెకు నాలుగడుగుల ముందు మట్టి లేచింది. ఆమె తలుగు వదిలేసి, రెండు చేతులూ తలమీద పెట్టుకుని అక్కడే కూలబడింది. దెబ్బ తగల్లేదు. అందరం అటే చూస్తున్నాం. వరుసలో ఉన్నవాళ్లు చేతులతో చూపిస్తున్నారు కూడా.

నర్సయ్య సార్ మాత్రం నేరుగా కట్ట వైపే చూస్తున్నారు. ఆ తర్వాత తల నావైపు తిప్పి, ఇంకెవరికీ వినబడకుండా అడిగారు. "ఎవలు స్వరూపా? యాడున్నరు?"

ఆమెను నీడకు తీసుకొచ్చి నీళ్లు తాగించాను. "నా దూడ, నా దూడ" అంటోంది తప్ప ఇంకో మాట లేదు. ఫైరింగ్ ఆపేసి అందరినీ పంపించేశాక, మధ్యాహ్నం కోత్‌లో పిస్తోళ్లు తుడుస్తూ సార్ తానే మొదలుపెట్టారు.

"కండ్లకు నీటికాసులన్నడు డాక్టరు. అయిదేండ్లాయె. గొట్టంల నుంచి చూసినట్టు కనవడుతది. గోడ మీది చుక్క కనవడుతది బిడ్డా, గోడ కనవడది."

"మందులు లేవా సార్?" అన్నాను.

"మందులు ఏస్తున్న. ఉన్నది ఉంటదన్నడు, పోయింది రాదన్నడు. అక్షరాలు సదువుతున్న గనుక పరీక్షల పాసయితున్న. రిటైరయ్యేందుకు ఇంక పద్దెనిమిది నెలలు. నన్ను ఈ గదిల నుంచి తీసి ఏ మూలకో కూసోవెడితే నేను బతుక బిడ్డా. ముందటిది నేను చూస్త, పక్కలు నువ్వు చూడు. నువ్వు సైగ చేసినంకనే ఫైర్ అంట."

నాకు అన్నీ ఇచ్చిన మనిషి మొదటిసారి ఒకటి అడుగుతున్నాడు. సరే సార్ అన్నాను.

పదిహేను రోజులు అలాగే నడిపాం. ఆయన తల అటూ ఇటూ తిప్పేవారు, కొత్తవాళ్లు చూడాలని. నేను వెనుక నుంచి రెండు పక్కలూ చూసి గొంతు సవరించుకునేదాన్ని. అప్పుడు ఆయన చెయ్యి దించేవారు. ఒక్కో చప్పుడుకూ మళ్లీ రెండు పక్కలూ చూసేదాన్ని. అన్నం సహించేది కాదు. ఇంతలో మా అవ్వకు జ్వరమని కబురు వస్తే రెండు రోజులు సెలవు పెట్టి ఊరెళ్లాను. తిరిగి వచ్చేసరికి రాతబల్ల మీద ఉన్న పుస్తకంలో నిన్నటి తేదీతో మార్కులు రాసి ఉన్నాయి.

"సార్, నిన్న ఫైరింగ్ పెట్టిండ్రా?" అని అడిగాను.

"పై నుంచి చెప్పిన్రు. నువ్వు లేవని ఆపుతనా? ఏం కాలే గద" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు నా ముఖంలోకి చూడలేదు.

ఏం కాలేదు, నిజమే. ఆ రోజు ఎవరి దూడా తప్పిపోలేదు, అంతే. మధ్యాహ్నం దాకా ఆ పుస్తకం ముందు కూర్చున్నాను. తర్వాత మా ఇన్‌స్పెక్టర్ గదికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన అంతా విని కాగితం నా ముందుకు జరిపారు. "రాసిస్తవా?" అన్నారు. అర పేజీ రాసి సంతకం పెట్టాను. లేచి వస్తూ ఒక మాట అన్నాను. ఈ మొత్తం కథలో నేను సిగ్గుపడేది ఆ మాటకే. "నా పేరు సార్‌కు చెప్పకుండ్రి" అన్నాను.

మరుసటి వారం ఆయన్ను కంటి ఆసుపత్రికి పంపారు. ఈసారి అక్షరాలు చదివించలేదు, పక్కచూపు పరీక్ష చేయించారు. కాగితాలు వచ్చిన రోజునే కోత్ తాళాలు తీసుకున్నారు. ఆయన తాళాలగుత్తిలో ఒక్కొక్క తాళం ఏ పెట్టెదో కొత్తాయనకు చెప్పి, అందరికీ నమస్కారం చేసి బయటికి వచ్చారు. నేను ఆ వరుసలోనే ఉన్నాను. నాకూ నమస్కారం చేశారు, అందరికీ చేసినట్టే. మర్నాటి నుంచి గేటు పక్కన చిన్న గదిలో వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసే పని ఇచ్చారు. రేంజ్ పని నాకు అప్పగించారు.

గేటు గదిలో ఆయన కుర్చీ రోడ్డు వైపు తిరిగి ఉండేది. లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా ఆయన ఎడమపక్క నుంచే పోవాలి. ఎదురుగా వెళ్లి నిలబడితే తప్ప ఆయనకు మనిషి కనబడడు. మొదటి రోజు మెల్లగా నడిచాను. ఆయన తల తిప్పలేదు. రిజిస్టర్‌లో రాసుకుంటున్నారు. రెండో రోజు కూడా అంతే. చూడలేదులే అని నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే ఆయన చూడలేకపోవడం నాకు సుఖంగా ఉండింది. ఇంకొకరైతే ముఖం చాటేయాల్సి వచ్చేది, ఆయన దగ్గర ఆ శ్రమ కూడా లేదు. పక్క నుంచి పోతే చాలు. అలా రిటైరయ్యే దాకా పోయాను. ఆయన రిటైర్‌మెంట్ సభ రోజున నేనే అడిగి మరీ బందోబస్తు డ్యూటీకి వేరే చోటికి వెళ్లాను.

కొన్ని నెలల తర్వాత రైతు బజారులో లలితమ్మ కనబడింది. ఒక్కతే సంచి మోసుకుంటూ వస్తోంది. "రావేంది బిడ్డా? సార్ అడుగుతుండు" అంది. ఆయనకు ఇప్పుడు చుక్క కూడా కనబడడం లేదని చెప్పింది. వస్తానమ్మా అన్నాను. వెళ్లడానికి ఇంకో నెల పట్టింది.

సార్ మగ్గం గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. చొక్కాకు గంజి ఉంది. ఆయన ముందుకు వెళ్లి నిలబడ్డాను. చూసే కళ్లు ఉన్నప్పుడు నిలబడని చోట, చూపు పూర్తిగా పోయాక నిలబడ్డాను.

"సార్, నేను స్వరూపను."

"కూసో" అన్నారు. కాసేపు రేంజ్ గురించి అడిగారు. ఎవరెవరు వచ్చారు, తూటాలు సరిగ్గా వస్తున్నాయా, నీళ్ల పిస్తోలు వాడుతున్నావా అని. అన్నింటికీ చెప్పాను. ఆ తర్వాత నాకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే, రాసిచ్చింది నేనే సార్ అన్నాను.

"నాకెవ్వలు చెప్పలే. పై వాళ్లకు చెప్పేటోళ్లు నువ్వు గాక ఇంకెవ్వలున్నరు?" అన్నారాయన. "కోపమొచ్చింది బిడ్డా. ఇప్పటికి ఉన్నది. నువ్వు చేసింది తప్పని కాదు. నేను పోయి చెప్పుకోవాల్సిన మాట అది, నీతోని చెప్పిచ్చిన. గది నా తప్పు. కని నా ముంగట నిలవడి, సార్, నేను పోయి చెప్తున్న అంటే అయిపోవు గద."

కుర్చీని ఆయనకు ఎదురుగా జరుపుకున్నాను.

తర్వాత ఆయనే అన్నారు. "రిటైరైనంక ఆ ఆడిమనిషి ఊరికి పోయిన. గుట్టకు ఆవలి దిక్కే వాళ్ల ఊరు. లలిత తీస్కపోయింది. అమ్మా, ఆ దినం ఫైర్ అన్నది నేనే, నన్ను మన్నించు అన్న. ఆమెకు నేను యాదికి లేను. నువ్వు అరిచినదే యాదికున్నదట. సల్ల తాగిచ్చింది. దూడ దొరికింది సార్ అన్నది."

ఆ మాట చెప్పి ఆయన నవ్వారు. నవ్వుతుండగానే ముఖం గోడ వైపు తిప్పుకున్నారు. నేను లేస్తుంటే "పండుగకు రా" అన్నారు. దసరాకు వెళ్లాను. ఆ చలికాలంలో నిద్రలోనే పోయారు.

పదకొండో రోజు వచ్చినవాళ్లు వెళ్లిపోయాక లలితమ్మ నా పక్కన కూర్చుంది. మగ్గం మీది బట్టలు తీసేసి ఆయన ఫొటో పెట్టారు. "నీకొక మాట చెప్పాల్నా వద్దా అని ఈ పదిరోజుల సంది అనుకుంటున్న" అంది. "చెప్తే నువ్వు బాధపడుతవ్. చెప్పకుంటే నాకు కడుపుల ఉంటది."

"చెప్పమ్మా" అన్నాను.

"గేటు కాడ పనిజేసిన దినాలల్ల, ఇంటికచ్చి బూట్లు ఇడిసేటప్పుడు ఒకటే మాట. ఇయ్యాల గూడ స్వరూప పక్క పొంటే పోయింది అనేటోడు. నీకు కనవడది గద, ఎట్ల తెలుస్తది అని అడిగిన. దాని బూట్ల సప్పుడు నాకు తెల్వదా, నిలవడుడు నేర్పింది నేను, నడుసుడు నేర్పింది నేను అన్నడు. పిలువకపోయినవా అంటే, పిలిస్తె అస్తది, కని దానంతట అది రావాలె గద అన్నడు."

ఇప్పుడు ఆ రేంజ్ మీద ఆయన చోటులో నేనే నిలబడుతున్నాను. వచ్చిన ప్రతి బ్యాచ్‌కూ ముల్లు చూడకుండా కొట్టడం నేర్పుతాను. చెయ్యి లేపే ముందు ఎడమకు, కుడికి నడిచి వెళ్లి చూసి వస్తాను, తల తిప్పి ఊరుకోను. ఏడాదికోసారి నా సొంతంగా పక్కచూపు పరీక్ష చేయించుకుంటాను. ఎవరిమీదైనా ఫిర్యాదు రాయాల్సి వస్తే ముందు ఆ మనిషి ఎదురుగా వెళ్లి నిలబడి, రాయబోతున్నానని చెప్తాను. వాళ్లు తిడతారు. ఒకరిద్దరు మాట్లాడడం కూడా మానేశారు. ఇవన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవే, కొన్ని ఆయన నేర్పినవి, కొన్ని ఆయన్ను పోగొట్టుకుని నేర్చుకున్నవి. చేసిన ఫిర్యాదుకు నేను పశ్చాత్తాపపడను. ఆ ఎర్రచీర ఆమె ముందు లేచిన మట్టి కళ్లకు కట్టినంత కాలం పడలేను. కానీ డ్యూటీ దిగి గేటు దాటుతున్నప్పుడు నా బూట్ల చప్పుడు నాకే వినబడుతుంది. పదిహేడు నెలలు నేను ఆయన పక్క నుంచి పోతూనే ఉన్నాను, ఆయన వింటూనే ఉన్నారు.